పదకొండో లెవెల్ నైవేద్యం

వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభైతొమ్మిదవ సంవత్సరం, ఆగస్టు అయిదవ తేదీ ఉదయం తొమ్మిది గంటలకు, నల్లబండ పోలీసు ఠాణాలో లాకప్పు కటకటాల ముందు డిటెక్టివ్ అంబదాస్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. కుర్చీ లేక కాదు. జమేదార్ సాంబయ్య కుర్చీ తెచ్చి, తన టోపీతో దుమ్ము దులిపి మరీ వేశాడు. అయితే నేల మీద కూర్చున్న మనిషిని కుర్చీలోంచి ప్రశ్నిస్తే జవాబు వస్తుందే గాని నిజం రాదని అంబదాస్ సిద్ధాంతం. అది ఆయన మోకాళ్లకు ఎన్నడూ సమ్మతం కాలేదు. సిద్ధాంతాలకూ మోకాళ్లకూ తగవు వచ్చినప్పుడు మోకాళ్లే సర్దుకోవాలని ఆయన మరో సిద్ధాంతం.

పూర్వాశ్రమంలో అంబదాస్ హైదరాబాద్ సంస్థానపు ప్లేగు శాఖలో చిరుద్యోగి. చచ్చిన ఎలుక కాలికి చీటీ కట్టి, అది ఏ వీధిలో, ఏ గంటకు, ఏ భంగిమలో ప్రాణం విడిచిందో దస్తరంలో రాయడం ఆయన కొలువు. చక్రవర్తుల మరణాలకు కూడా ఇంతటి శ్రద్ధగల చరిత్రకారులు దొరకరు. పద్నాలుగేళ్లు ఆ విధంగా మూషికవంశ చరిత్ర రచించి, తరువాత కరీంనగర్‌లో ఒక గదికి బోర్డు తగిలించి మనుషుల నేరాలు పరిశోధించడానికి దిగినప్పుడు, ఆయనకు పని కాస్త తేలికైనట్టే తోచింది. మనుషులు కనీసం అబద్ధాలైనా చెబుతారు. ఎలుకలు అదీ చెప్పవు.

కటకటాల వెనక ఉన్న మనిషి పేరు నాగవ్వ. నల్లబండ బొగ్గుగని కాలనీలో కామెర్లకు చెట్టుమందు ఇచ్చే యాభైయేళ్ల మనిషి. జూలై పద్నాలుగు మొదలు ఇరవైయేడు వరకు, పద్నాలుగు రోజుల్లో, ఆమె చేతి మందు తాగిన నలుగురు గనికూలీలు చనిపోయారు. ముగ్గురి పాడెలు లేచాక, నాలుగోవాడు ఇంకా మంచం మీద ఉండగానే, సబ్ ఇన్‌స్పెక్టర్ కైలాసం ఆమెను విషప్రయోగం నేరం కింద నిర్బంధించాడు. ఆ సాయంత్రం నాలుగుంబావు ప్యాసింజర్‌లో ఆమెను వరంగల్ జైలుకు తరలించాలని ఏర్పాటు. నలుగురి హత్యకు సెషన్స్ కోర్టులో శిక్ష ఏమిటో కాలనీలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాగవ్వ బిడ్డ సమ్మవ్వ కరీంనగర్ వచ్చి అంబదాస్ గుమ్మంలో రెండు రోజులు కదలకుండా కూర్చోవడం చేతా, జిల్లా పోలీసు అధికారి ఎందుకో మెత్తబడి ఒక చీటీ రాసివ్వడం చేతా ఈ మాత్రం ముఖాముఖి సాధ్యమైంది.

"నాగవ్వా, ఒక్కొక్కని సంగతి ఒక్కొక్కటి చెప్పు. తొందరేం లేదు" అన్నాడు అంబదాస్.

"మీకు లేదు సారు. నాకు నాలుగుంబావుకు రైలున్నది" అంది నాగవ్వ.

అంబదాస్ నోటుపుస్తకం తెరిచాడు. "సరె. జల్దీగనే చెప్పు."

"ముందుగాల రాయమల్లు. ఎనకనే సారయ్య. ఆ ఎనక భూమన్న, గంగయ్య. నలుగురిది ఒక్కటే జట్టు. బాయిల ఒక్కతాననే బొగ్గు నింపుతరు. నా దగ్గరికి నలుగురు సుత నడ్సుకుంట రాలే. మంచం మీద మోసుకచ్చిన్రు."

"కామెర్లు వచ్చినోడు మంచం ఎక్కేదాక ఎందుకు ఊకుంటడు?"

"గదే నేను సుత అడిగిన. ఆరొద్దుల కిందట్నే చలిజరం వచ్చిందట. పిక్కలు గుంజుతున్నయని ఏడ్సిండు రాయమల్లు. కాలు ముడితె లేగదూడ లెక్క ఒర్రిండు. కండ్లు ముందుగాల పచ్చగ గాలేదట సారు. ఎర్రగ, నెత్తురు గడ్డకట్టినట్టు అయినయట. పచ్చగయ్యింది ఎనక."

అంబదాస్ పెన్సిలు ఆగింది. "మిగతా రోగులకు గట్ల కాలేదా?"

"ఈ వానలకు పదిహేను మందికి మందిచ్చిన. పదకొండు మంది నడ్సుకుంట వచ్చిన్రు, నడ్సుకుంట పోయిన్రు. ఒకడైతె మూడోనాడే కల్లు దుకాణం కాడ కూసున్నడు, సిగ్గులేనోడు. పిక్కలు గుంజినోల్లు గా నలుగురే."

"అమీన్ కైలాసం సాబ్ ఏమంటడంటే, పదకొండు మందికి మందిచ్చినవ్, నలుగురికి విషమిచ్చినవ్."

నాగవ్వ నవ్వింది. ఆ నవ్వులో పళ్లు తక్కువగానూ, కోపం ఎక్కువగానూ ఉన్నాయి. "నేను ఇసం పెట్టుడు మొదలువెడితె మా ఆడిబిడ్డ ఇన్నొద్దులు బతుకుతుండెనా సారు? పరాయోల్లకెందుకు పెడ్త?"

"పరాయోల్లు కాదు. నిరుడు నీ పెనిమిటి పదకొండో లెవెల్ల కప్పు కూలి చచ్చిపోయినప్పుడు ఎంబడున్నది గా నలుగురే."

ఎంత నేర్పరి అయినా డిటెక్టివ్ అడగక తప్పని ప్రశ్న కేసుకు ఒకటుంటుంది. నాగవ్వ తన అరచేతులను చూసుకుంది. ఆకులు నూరి నూరి వాటికి పట్టిన ఆకుపచ్చ, లాకప్పులో పదకొండు రోజులున్నా వదలలేదు.

"ఎల్కలు ఉరికినయట. ఎల్కలు ఉరికితె కప్పు కూలుతదని బాయిల అందరికెర్కే. గా నలుగురు సుత ఉరికిన్రు. మా ఆయినకు చెవులు ఇనవడవు. ఎవడన్న ఒకడు చెయ్యి వట్టి గుంజితె అయిపోవు. గుంజలే."

"కోపం లేదా?"

"లేకేంది? మస్తున్నది. కోపమున్నోనికి మందియ్యద్దని ఏ సర్కారు చెప్పింది?"

అంబదాస్ లేచాడు. మోకాళ్లు తమ నిరసనను చప్పుడు రూపంలో తెలియజేశాయి. ఈ ఆఖరి జవాబు అమాయకురాలిది. కాని కోర్టులో అది హంతకురాలి నోటి వెంట వచ్చినట్టే వినిపిస్తుంది. నాలుగు చావులు, నలుగురి మీదా కక్ష, నలుగురి నోటా ఆమె మందు. కైలాసం కట్టిన కేసు కోటగోడలా ఉంది. దానికున్న లోపమల్లా అది తప్పు కావడమే.

"అమీన్ సాబ్ ఏడి?" అని అడిగాడు సాంబయ్యను.

"ఇంటికాడ పండుకున్నరు సారు. మూడు గంటలకు వస్తరు" అన్నాడు సాంబయ్య, గోడను చూస్తూ.

*

పదకొండున్నరకు అంబదాస్ గనిలోకి దిగాడు. వెంట సర్దార్ కొమురెల్లి, ఆ లెవెల్‌లో కూలీల జట్లకు పెద్ద. లెవెల్ అంటే బొగ్గును తొలుచుకుంటూ భూమి కింద వేసిన ఒక చీకటి వీధి. అంబదాస్ కాళ్లకు కొమురెల్లి ఎరువిచ్చిన రబ్బరు బూట్లు తొడలదాకా వచ్చి, ఆయనకు ఏదో దండయాత్రకు బయలుదేరిన సేనాపతి ఠీవిని కలిగించాయి. అడుగు తీసి అడుగు వేయగానే ఆ ఠీవి ఎటో పోయింది.

పన్నెండూ అయిదు నిమిషాలకు పదకొండో లెవెల్ ముఖద్వారం చేరారు. అడ్డంగా రెండు కర్రలు, వాటికి తాడు, తాడుకు లక్క, లక్క మీద పోలీసు ముద్ర.

"ఈ సీలు ఎన్నడేసిన్రు?"

"జూలై ఇర్వైఅయిదు సాయంత్రం. నాగవ్వను పట్కపోయిన దినమే. విషం ఈడ దాసిపెట్టిన్రేమో వెతకాలని అమీన్ సాబ్ సొంతంగ దిగిండు. దొరకలే. లెవెల్ బందువెట్టి పోయిండు."

"ఆ ఎనక ఈ లెవెల్లకు ఎవ్వలు రాలే?"

"ఎవ్వలు రాలే సారు."

అంబదాస్ తాడు కింద నుంచి దూరి, దీపం ఎత్తిపట్టి ముందుకు నడిచాడు. ఇరవై అడుగులు పోగానే నీళ్లు మొదలయ్యాయి: చీలమండల లోతు, నల్లగా, కదలిక లేకుండా, వెచ్చగా. వీధి పక్కన బొగ్గు తీసిన ఒక ఖాళీ అర. అందులో మొద్దులతో వేసిన చిన్న అరుగు. అరుగు మీద మోదుగాకు విస్తరి. విస్తరిలో అన్నం. అంబదాస్ చూపుడువేలితో మెతుకును అదిమి చూశాడు. మెత్తగా ఉంది.

"కొమురెల్లీ, పదకొండు దినాలు ఎవ్వలు రాని లెవెల్ల అన్నం ఇంక ఎండలేదు. ఇది పొద్దుగాల ఆరు గంటల కన్న ముందరిది కాదు."

కొమురెల్లి తలపాగా సవరించుకున్నాడు. "సారు... సీలు ముట్టలే. తాడు కిందికెల్లే దూరి వచ్చిన, మీరొచ్చినట్టే. ఆటిని పస్తులుంచితె పాపం తాకుతది."

"వేటిని?"

జవాబు కొమురెల్లి చెప్పనక్కరలేకపోయింది. దీపం వెలుగు అర మూలకు పడగానే కళ్లు మెరిశాయి. పది కాదు, ఇరవై కాదు. బొగ్గుపెళ్లల అంచుల వెంట, దూలాల మీద, అరుగు కింద, గుంపులు గుంపులుగా ఎలుకలు. ఒక్కటీ పారిపోలేదు. సభకు ఆలస్యంగా వచ్చిన అతిథిని సభ్యులు చూసినట్టు చూశాయి. పద్నాలుగేళ్ల కొలువులో అంబదాస్ ఇన్ని ఎలుకలను ఒక్కచోట ప్రాణాలతో ఎన్నడూ చూడలేదు.

"గవి మా బాయిని కాసే తల్లి మైసమ్మ పిల్లలు సారు" అన్నాడు కొమురెల్లి గొంతు తగ్గించి. "కప్పు కదిలితె ముందుగాల ఆటికే తెలుస్తది. అవ్వి ఉరికితె మేం ఉరుకుతం. ఎన్నిమార్లు పాణాలు కాపాడినయో! గందుకే సద్ది ఇప్పంగనే మొదటి ముద్ద ఆటికే. ఎల్కను కొట్టినోని ఎంబడి ఎవ్వలు పనికి దిగరు."

"ఇన్ని ఎప్పట్నుంచి ఉన్నయి?"

"ముందు పదో, పదిహేనో ఉంటుండె. జూన్ ఇర్వైనాలుగున పంపు కరాబైంది. సామాను వస్తలేదని ఇంక బాగుచెయ్యలే. ఈ వానలకు పన్నెండు, పదమూడు లెవెల్లు మొత్తం మునిగినయి. ఆటిల్ల ఉన్నయన్ని గీడికే ఎక్కొచ్చినయి."

"ఈడ సద్ది తినేది ఎవరెవరు?"

"గా నలుగురే. మిగిలిన జట్లు పైలెవెల్ల తింటయి."

అరుగు పక్క గోడకు, నీటికి పైన, ఒక చెక్క బిగించి ఉంది. దాని మీద నాలుగు జతల బూట్లు వరసగా, చనిపోయిన యజమానుల కోసం ఓపికగా కూర్చున్నాయి. అంబదాస్ ఒక జత తీసి తిరగేశాడు. అడుగుభాగం అరిగి ఉంది. లోపల మాత్రం పొడి, శుభ్రం.

"బూట్లుండంగ ఈడ ఎందుకు ఇడ్సిన్రు?"

కొమురెల్లి ఆశ్చర్యంగా చూశాడు. ఇంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న సంగతి తెలియకపోవడం అతనికి జాలి గొలిపినట్టుంది. "మైసమ్మకు బూట్లేసుకోని పెడ్తరా సారు? బూట్లు ఇడ్సి, రెండు చేతులతోని పెట్టాలె. అవ్వి తిన్నదాక నిలబడాలె. ఆ ఎనకనే మనం ముట్టాలె."

"ఈ నీల్లల్ల? వట్టి కాళ్లతోని?"

"నీల్లుంటె ఏమైతది? ఎచ్చగనే ఉన్నయి."

"బొగ్గుపెల్లలు గీరిన కాళ్లతోని" అన్నాడు అంబదాస్, ఈసారి తనకు తాను. "నువ్వెట్ల బతికినవ్?"

"నాకు కడుపుల పుండున్నది సారు. కారం తినద్దన్నరు. ఇంటికాడ గంజన్నం తాగి దిగుత. గీడ సద్దికి కూసోను. పొద్దుగాల సుత గా మొద్దు మీదికెల్లే విస్తరి జరిపిన."

అంబదాస్ ఆ మొద్దు మీదికి ఎక్కి, నీళ్లను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ప్లేగు శాఖలో ఆయన పైఅధికారి, ఒక ముసలి డాక్టరు, ప్రతి వానాకాలం ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు: ఎలుక చేతిలో ఉన్న ఆయుధం ప్లేగు ఒక్కటే కాదనీ, దాని మూత్రంలో మరో క్రిమి ఉంటుందనీ, వెచ్చని నిలవనీటిలో అది వారాలు బతుకుతుందనీ, కాలి మీద గీత చాలు దానికి దర్వాజా అనీ. ముందు చలిజ్వరం, పిక్కల్లో పోటు, నెత్తురు కళ్లు, తరువాత కామెర్లు, పదో రోజుకు పాడె. ఆ ఉపన్యాసం వినడం ఆనాడు శిక్షలా ఉండేది. ఈనాడు నాలుగు చావుల చరిత్ర అందులో తేదీలతో సహా ఉంది. పంపు ఆగింది జూన్ ఇరవైనాలుగు. రాయమల్లుకు జ్వరం జూలై నాలుగు. చావు జూలై పద్నాలుగు. రోగం వచ్చాకే వాళ్లు నాగవ్వ దగ్గరికి వెళ్లారు.

కాని ఇది కోర్టు ఒప్పుకునే లెక్కా? నలుగురూ ఈ నీళ్లలో నిలబడ్డారు. నలుగురూ ఆ మందు తాగారు. చంపింది నీళ్లా, మందా? శవాలు బూడిదయ్యాయి. ఆమెను విడిపించాలంటే ఈ నీళ్లలో దిగి, ఆ మందు మాత్రం తాగకుండా, అదే జబ్బు పడ్డ మనిషి ఒక్కడు కావాలి.

"కొమురెల్లీ. ఇర్వైఅయిదున అమీన్ సాబ్ దిగినప్పుడు ఎంబడి ఎవరున్నరు?"

"నేనొక్కన్నే."

"ఆయన ఈ నీల్లల్లకు వచ్చిండా?"

కొమురెల్లి నవ్వు ఆపుకోలేకపోయాడు. "వచ్చుడేంది సారు? అరుగు కింద చెయ్యివెట్టి గెలికిండు. ఆడికెల్లి మల్లంగ బురదల ఆయిన బూటు ఇరికింది. గుంజితె కాలొచ్చింది గని బూటు రాలే. అర్ధగంట ఒంటికాలి బూటుతోని దేవులాడిండు. తీగ గీసుకోని మడిమ తెగింది. ఎవ్వలకు చెప్పద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు."

అంబదాస్ గడియారం చూశాడు. పన్నెండూ నలభై. ఇరవైఅయిదు నుంచి అయిదు వరకు పదకొండు రోజులు. "ఇంటికాడ పండుకున్నరు" అంటూ గోడను చూసిన సాంబయ్య కళ్లు గుర్తుకొచ్చాయి. సేనాపతి తన ఠీవిని పూర్తిగా మరిచి, నీళ్లు చిమ్మకుండా వీలైనంత వేగంగా వెనక్కి మళ్లాడు.

*

సబ్ ఇన్‌స్పెక్టర్ కైలాసం మూడింటికి కాదు, మూడుంబావుకు ఠాణాకు వచ్చాడు. వాన మబ్బు ముసిరి గదిలో దీపం పెట్టవలసిన సమయంలో ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. కుర్చీలో కూర్చుని, కుడికాలిని ఒక స్టూలు మీద ఎవరిదో విలువైన వస్తువును దించినట్టు జాగ్రత్తగా దించాడు.

"ఏంది అంబదాస్ సాబ్, ఎల్కల బిలంలకు పోయొచ్చిన్రట? పాత కొలువు మతికొచ్చిందా?"

"వచ్చింది. మీ కొలువు నిలబెట్టడానికి పనికొస్తది."

"నా కొలువుకేం ఫికర్ లేదు. ముద్దాయిని ఇర్వైఅయిదున పట్టిన. గంగయ్య అంతకు ముందే మందు తాగిండు గనుక ఇర్వైయేడున పోయిండు. గా దినం నుంచి నల్లబండల ఒక్క చావు లేదు. ఇంతకన్న ఏం సాక్ష్యం కావాలె?"

"చావులు ఆగినయి, నిజమే. మీరు నాగవ్వను పట్టినందుకు కాదు, అదే దినం పదకొండో లెవెల్ మూసినందుకు. మీ సీలు ఆ లెవెల్ల పనిచేసే నలభైమందిని కాపాడింది. మీ కేసు ఒక్కదాన్ని ఉరితీస్తది. రెండూ ఒక్క సాయంత్రం చేసిన్రు. పేరు మాత్రం తప్పు పనికి వచ్చింది."

అని, అంబదాస్ జరిగినదంతా వరసగా చెప్పాడు: ఆగిన పంపు, మునిగిన లెవెళ్లు, పైకెక్కిన ఎలుకలు, విడిచిన బూట్లు, నీళ్లలో నైవేద్యం. కైలాసం వింటూ రెండుసార్లు గ్లాసెడు నీళ్లు తాగాడు. రెండోసారి గ్లాసు బల్ల అంచుకు తగిలి గలగలలాడింది.

"కత మంచిగున్నది. సబూత్ ఏది? గా నీళ్లు తాకి, ముద్దాయి మందు తాగకుండ జబ్బు పడ్డోన్ని ఒక్కన్ని చూపెట్టున్రి."

"ఆ కళ్లద్దాలు తీస్తే చూపెడ్త."

సాంబయ్య చేతిలోని లాంతరు కిర్రుమంది. కటకటాల వెనక నాగవ్వ లేచి నిలబడింది.

"ఏమన్నవ్?" అన్నాడు కైలాసం.

"లెక్క ప్రకారం ఆ నీల్లల్ల దిగిన ఎనిమిదో దినం, రెండో తేదీన, మీకు జ్వరం మొదలైంది. ఒకరోజు అటో ఇటో. చలితోని. ఆ కుడికాలు స్టూలు మీద పెట్టేటప్పుడు పిక్క తాకకుండ పెట్టిన్రు. మడిమ మీద తీగ గీసిన గాయం మానలేదు. బూటు ఇంక పదకొండో లెవెల్లనే ఉన్నది. కైలాసం సాబ్, మీరు నా శత్రువులు కారు. జీపున్నది. పెద్ద దవాఖానల పెన్సిలిన్ ఉన్నది. గా నలుగురు అది ముట్టలే. మీకు ఇంక వేళ మించలే. పోయేముందు నాలుగు ముక్కలు రాయున్రి: ఆ నీళ్లల్ల దిగిన, ఇన్ని దినాలకు జ్వరం వచ్చింది, నాగవ్వ మందు ముట్టలేదు అని. మీ పాణం దక్కుతది. ఆమె పాణం దక్కుతది."

కైలాసం చేయి నెమ్మదిగా పైకి లేచి కళ్లద్దాలు తీసింది. తెల్లగుడ్డు అన్న మాటకు ఆ కళ్లలో చోటు లేదు. ఎరుపు పోగులు పోగులుగా అల్లుకుని, వాటి వెనక పసుపు. నాగవ్వ కటకటాలు పట్టుకుని, "అయ్యో కొడుకా" అంది. తనను ఉరికి పంపుతున్నవాడన్న సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తున్నట్టు లేదు.

"మందు..." అన్నాడు కైలాసం. "నేను ఎవ్వని మందు తాగలే. గంత మాత్రం నిజం. దవాఖానకు పోతె ఎస్సైకి కామెర్లని ఊరంత అంటరని మూడొద్దుల నుంచి..."

కాగితం దగ్గరికి లాగాడు. కలం తీశాడు. గోడ గడియారంలో మూడూ ముప్పైఅయిదు.

"సారు" అన్నాడు సాంబయ్య.

ఒప్పుకోళ్లు ఎలా మొదలవుతాయో అంబదాస్ ఎరుగును.

"సారు, తప్పయింది. నిన్న మీ కండ్లు పచ్చగ కనవడ్డయి. నాకు పాణం ఒప్పలే. ఇయ్యాల పొద్దుగాల ఠాణ ఎనక నేల ఉసిరి పీకి, నాగవ్వకిచ్చిన. నా ఇత్తడి గిలాసల్నే నూరి ఇచ్చింది. ఆరు గంటలకు మీ ఇంటికాడ మజ్జిగల కలిపి తాగిపిచ్చిన. మీకు చెప్తె తాగరని..."

"నాగవ్వా!" అంబదాస్ గిరుక్కున తిరిగాడు. "ఎవ్వనికి ఇస్తున్నవో అడిగినవా?"

"అడగద్దు సారు" అంది నాగవ్వ. "ఆకు తెచ్చినోన్ని రోగి పేరు అడిగితె మందు పారదు. మా అవ్వ కాన్నుంచి గంతే. ఎవ్వలకో కండ్లు పచ్చగైనయన్నడు. నూరిచ్చిన."

విషమని లోకమంతా చాటిన అధికారి కింద పనిచేసే జమేదారు, తన అధికారి ప్రాణం మీదికి వచ్చేసరికి ఆ విషాన్నే నమ్మాడు. ప్రేమతో, భక్తితో, ఒక్క గ్లాసు మజ్జిగతో, ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని కడిగేశాడు.

"సాంబయ్యా" అన్నాడు అంబదాస్ ఆత్రంగా. "జ్వరం రెండో తేదీ నుంచి ఉన్నది. మందు ఇయ్యాల ఆరు గంటలకు. ఏది ముందో నువ్వు చూసినవ్. గా మాట చెప్పు. చాలు."

సాంబయ్య నోరు తెరిచాడు. కైలాసం చేయి ఎత్తాడు. ఆ చేయి వణుకుతున్నా, దాని హోదా వణకలేదు.

"ఆగు. నువ్వు నాకు ముద్దాయి చేతి మందు పోసినవ్. ఇగ నువ్వు రెండో ముద్దాయివన్న కావాలె, నా దిక్కు సాక్షివన్న కావాలె. ఏమైతవ్?"

సాంబయ్య అంబదాస్‌ను చూశాడు, నాగవ్వను చూశాడు, చివరకు అలవాటైన గోడను చూశాడు. "సాక్షినే సారు. జరం సంగతి నాకెర్క లేదు."

"కైలాసం సాబ్!" అంబదాస్ బల్ల మీద చేతులు మోపాడు. "మీకు తెలుసు కద. మీ వొంటికి తెలుసు. ఏది ముందొచ్చిందో మీకంటే ఎక్కువ ఎవనికి తెల్సు?"

కైలాసం పసుపు కళ్లలోకి ఏదో లెక్క వచ్చి కూర్చుంది.

"నా బాపు పోలీసు జవాను" అన్నాడు నెమ్మదిగా. "లారి కింద పడి సచ్చిండు. తుపాకులు పేల్చలే, జెండ కప్పలే. గిప్పుడు నేను పోతె, ఠాణల నా ఫోటో కింద ఏం రాస్తరు? ఎల్క ఉచ్చతోని సచ్చిండని రాస్తరా? హంతకురాలి చేతుల పాణం ఇడ్సిండంటే వేరే సంగతి."

"మీరు పోరు! ఇప్పుడు జీపెక్కితే పోరు!"

"ఎక్కుత. కాగితం అయినంక."

కైలాసం రాశాడు. మరణ వాంగ్మూలాలు ఎలా రాయాలో డిపార్టుమెంటు నేర్పిన చక్కని గుండ్రటి దస్తూరిలో, కొట్టివేతలు లేకుండా, తేదీ వేసి రాశాడు. కింద సంతకం పెట్టి, సాంబయ్య వేలిముద్ర వేయించి, సిరా ఆరనిచ్చి, సీలు వేసే లక్క కోసం చేయి చాపాడు. ఠాణా బయట ప్యాసింజర్ కూత వినిపించింది. కానిస్టేబుల్ ఒకడు వచ్చి లాకప్పు తాళం తీసి, నాగవ్వ చేతులకు బేడీలు వేశాడు. ఆమె పెనుగులాడలేదు, "ఆయినకు మజ్జిగ ఇగ పొయ్యకుర్రి, గంజి పొయ్యిర్రి" అని సాంబయ్యకు చెప్పి నడిచింది.

లక్క కరిగేలోపు, అంబదాస్ ఆ కాగితాన్ని తలకిందులుగానే చదివాడు.

"ఈ దినం ఉదయం ఆరు గంటలకు ముద్దాయి నాగవ్వ తన చేతులతో నూరిన మందు, నాకు తెలియకుండా, నా చేత తాగించబడినది. ప్రస్తుతం నేను ప్రాణాపాయ స్థితిలో ఉన్నాను. ఇందుకు సాక్షి జమేదార్ సాంబయ్య."

ఆ మూడు వాక్యాల్లో అబద్ధమన్నది మచ్చుకైనా లేదు. ఆమెను ఉరితీయడానికి ఆ మూడూ చాలు.